దరఖాస్తు ఫ్యాక్స్‌లో, ఓటు కవరులో

1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డాయి. వారం తిరిగేసరికి అమెరికా సైనికులు సౌదీ ఎడారిలో దిగడం మొదలైంది. నవంబరు 6న వాళ్ల దేశంలో చట్టసభల ఎన్నికలున్నాయి. రిజర్వు దళాల్లో ఉన్నవాళ్లు ఉద్యోగాలకూ ఇళ్లకూ తాళం వేసి ఉన్నపళంగా బయల్దేరినవాళ్లు. పోస్టల్ బ్యాలెట్ కావాలని ముందుగా దరఖాస్తు పెట్టుకునే వ్యవధి వాళ్లకు ఎక్కడిది? ఎడారి గుడారం నుంచి ఉత్తరం వేస్తే అది సొంతూరి ఎన్నికల కార్యాలయానికి ఎప్పుడు చేరుతుందో చెప్పే నాథుడు లేడు. అప్పుడు అమెరికా రక్షణ శాఖ కింద పనిచేసే ఫెడరల్ వోటింగ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ ఒక ఏర్పాటు చేసింది. సైనికుడు దరఖాస్తు నింపి ఫ్యాక్స్ చేస్తే చాలు, దాన్ని అందుకుని సంబంధిత కార్యాలయానికి మళ్లీ ఫ్యాక్స్ చేసే బాధ్యత ఈ విభాగానిది. దానికి ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌మిషన్ సర్వీస్ అని పేరు పెట్టారు.

అప్పట్లో మన ఊళ్లలోనూ ఎస్‌టీడీ బూతుల ముందు ‘జిరాక్స్, ఫ్యాక్స్’ అని పసుపు బోర్డులు వెలిసే రోజులు. ఆ బూతులు పోయాయి, బోర్డులు పోయాయి. ఫ్యాక్స్‌లో వచ్చిన థర్మల్ కాగితాలు బీరువాలో పెట్టినవి పెట్టినట్టే తెల్లబడిపోయాయి. అమెరికా ఎన్నికల కార్యాలయాల్లో మాత్రం ఫ్యాక్స్ నంబరు ఇంకా బతికే ఉంది. సైనికులూ, విదేశాల్లో ఉండే అమెరికా పౌరులూ బ్యాలెట్ కోసం ఫ్యాక్స్‌లో దరఖాస్తు చేసుకునే సౌకర్యం చాలా రాష్ట్రాల్లో నేటికీ అమల్లో ఉంది. చాదస్తమని నవ్వుకునే ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో, ఏం చేయలేదో చూడాలి. ఎందుకంటే ఓటింగ్ విషయంలో అది ఒక పనికి చక్కగా సరిపోతుంది, దాని పక్కనే ఉన్న మరో పనికి అసలు పనికిరాదు.

దూరంగా ఉన్న ఓటరుకు కాగితం మూడుసార్లు ప్రయాణం చేయాలి. బ్యాలెట్ కావాలన్న దరఖాస్తు ఇక్కణ్నుంచి అక్కడికి వెళ్లాలి. ఖాళీ బ్యాలెట్ అక్కణ్నుంచి ఇక్కడికి రావాలి. ఓటు వేసిన బ్యాలెట్ మళ్లీ అక్కడికి చేరాలి. మామూలు విదేశీ తపాలాలో ఒక్కో ప్రయాణానికి రెండు వారాలు పడుతుందనుకున్నా నెలన్నర గడిచిపోతుంది. యుద్ధనౌకలో ఉన్నవాడికో, ఊళ్లు మారుతూ ఉండే దళానికో ఇంకా ఎక్కువ. ఫ్యాక్స్ ఈ మూడింటిలో మొదటి ప్రయాణాన్ని నిమిషంలో ముగించేస్తుంది.

ఈ కొద్దిపాటి ఓట్ల కోసం ఇంత తాపత్రయం ఎందుకంటారా? 2000 సంవత్సరపు ఫ్లోరిడాను తలుచుకోండి. అధ్యక్ష ఎన్నిక ఫలితం ఆ ఒక్క రాష్ట్రం మీద వేలాడుతున్నప్పుడు, విదేశాల నుంచి వచ్చిన బ్యాలెట్లను కలపక ముందు జార్జి బుష్ ఆధిక్యం 300 ఓట్లు. అవి కలిపాక 930 అయింది. తర్వాత ఎన్నో లెక్కింపులు, కోర్టు మెట్లు దాటి చివరికి తేలిన తేడా 537. తపాలా ముద్ర లేని కవర్లు, ఆలస్యంగా చేరిన కవర్లు లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని రెండు పార్టీల లాయర్లు కౌంటీ కౌంటీకీ తగువులాడుకున్నారు.

ఈ ఓటర్లకు 1986లోనే ఒక చట్టం ఉంది. సైన్యంలో ఉన్నవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లు, విదేశాల్లో నివసించే పౌరులు ఫెడరల్ ఎన్నికల్లో దూరం నుంచే ఓటు వేయడానికి అది హక్కు కల్పించింది. 2009 అక్టోబరులో వచ్చిన మూవ్ చట్టం దానికి పళ్లు తొడిగింది. ఫెడరల్ ఎన్నికకు కనీసం 45 రోజుల ముందు బ్యాలెట్లు పంపి తీరాలంది. 2024లో పోలింగు నవంబరు 5న జరిగింది కాబట్టి ఆ గడువు సెప్టెంబరు 21. ఓటరు కోరితే ఖాళీ బ్యాలెట్‌ను ఈమెయిల్లోనో వెబ్‌సైటు ద్వారానో ఇవ్వాలని కూడా అదే చట్టం చెప్పింది. అంటే రెండో ప్రయాణం కూడా తీగల మీదికి ఎక్కింది. మూడోదాని గురించి మాత్రం ఆ చట్టం రాష్ట్రాలను నిర్బంధించలేదు. దాని కథ తర్వాత.

దరఖాస్తు పేరు ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్. అన్ని రాష్ట్రాల్లోనూ చెల్లే ఫారం ఇది. ఓటరు నమోదుకూ, బ్యాలెట్ కోరడానికీ కలిపి ఒకటే. పేరు, పుట్టిన తేదీ, డ్రైవింగ్ లైసెన్సు నంబరో సోషల్ సెక్యూరిటీ నంబరో, అమెరికాలో ఓటు హక్కున్న చిరునామా, ఇప్పుడు ఉంటున్న చిరునామా, బ్యాలెట్ ఏ దారిలో కావాలో, చివర సంతకం, తేదీ. అబద్ధం రాస్తే శిక్షార్హమని సంతకం పైనే రాసి ఉంటుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు ఒక గడిలో టిక్కు పెట్టాలి: తిరిగి వచ్చే ఉద్దేశం ఉందా, వస్తామో రామో తెలియదా, అసలు ఎప్పుడూ అమెరికాలో నివసించలేదా? ఈ గడి మామూలుది కాదు. తిరిగి రావడం ఖాయం కాదంటే కొన్ని రాష్ట్రాలు అధ్యక్షుడు, కాంగ్రెస్ లాంటి ఫెడరల్ పదవుల బ్యాలెట్ మాత్రమే పంపుతాయి, ఊరి మేయరు ఎన్నిక అందులో ఉండదు.

ఈ ఫారం మనవాళ్లలో చాలామందికి సంబంధించినదే. ఇరవై ముప్పై ఏళ్లు అక్కడ ఉండి, పౌరసత్వం తీసుకుని, ఓసీఐ కార్డుతో హైదరాబాదుకో విజయవాడకో తిరిగొచ్చి స్థిరపడిన దంపతులున్నారు. పిల్లల దగ్గరికి ఏడాదికోసారి వెళ్లొస్తుంటారు. చట్టం దృష్టిలో వాళ్లు విదేశాల్లో నివసించే అమెరికా ఓటర్లు. చివరిగా ఏ రాష్ట్రంలో కాపురం ఉన్నారో ఆ రాష్ట్రపు ఓటు వాళ్లది.

ఇక యంత్రం దగ్గరికి వద్దాం. ఫ్యాక్స్ అంటే కాగితాన్ని ఫోన్లో చదివి వినిపించడం. టెలిఫోన్ తీగ మనిషి గొంతు కోసం కట్టింది. దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దాలే అందులో పోతాయి. ఆ ఇరుకు సందులోంచి మొత్తం ఒక పేజీని పంపాలి.

నంబరు కలపగానే పంపే యంత్రం మూడు సెకన్లు ఆగి ఆగి అర సెకను చొప్పున 1100 హెర్ట్జ్ కూత వేస్తుంది. ఫోనెత్తింది మనిషైతే చెవి దగ్గరనుంచి రిసీవరు తీసేస్తాడు. యంత్రమైతే 2100 హెర్ట్జ్ కూతతో బదులిస్తుంది. ఈ రెండో కూతకు ఇంకో పని కూడా ఉంది. దూరపు లైన్లలో మన మాట మనకే తిరిగి వినబడకుండా ఫోన్ కంపెనీలు ప్రతిధ్వనిని అణిచే పరికరాలు పెడతాయి. ఒకేసారి రెండు వైపుల నుంచి సంకేతాలు నడిచినప్పుడు అవి అడ్డుపడతాయి. 2100 హెర్ట్జ్ వినబడితే ఆ పరికరాలు తప్పుకోవాలన్నది ఒప్పందం.

తర్వాత బేరసారాలు. అందుకునే యంత్రం సెకనుకు 300 బిట్ల నత్తనడకన తనకు ఏమేం చేతనవునో చెబుతుంది: ఎంత వేగం, ఎంత సన్నని గీతలు, ఎంత వెడల్పు కాగితం. పంపే యంత్రం అందులోంచి ఒకటి ఎంచుకుని, ఆ వేగంలో ఒకటిన్నర సెకను సేపు వట్టి సున్నాలు పంపుతుంది. సున్నాలు సున్నాలుగానే చేరితే అవతల నుంచి సరే అని కబురొస్తుంది. చెడిపోతే వేగం తగ్గించి మళ్లీ ప్రయత్నం: 14,400 నుంచి 9,600కు, అక్కణ్నుంచి 4,800కు, చివరికి 2,400కు. బొంగురు లైన్ల మీద కూడా ఫ్యాక్స్ ఎలాగోలా గట్టెక్కే రహస్యం ఈ దిగిరావడంలోనే ఉంది.

ఇప్పుడు కాగితం. పేజీని యంత్రం అడ్డగీతలుగా కోస్తుంది. ఒక్కో గీతలో 1728 చుక్కలు. ప్రతి చుక్కా నలుపో తెలుపో, మధ్యలో బూడిదరంగు లేదు. మామూలు పద్ధతిలో మిల్లీమీటరుకు 3.85 గీతలు, అంటే ఏ4 కాగితానికి 1,140 పైచిలుకు. మొత్తం దాదాపు ఇరవై లక్షల చుక్కలు. చుక్కకో బిట్ చొప్పున 9,600 వేగంలో పంపితే మూడున్నర నిమిషాలు పడుతుంది. 1980లో వచ్చిన గ్రూప్ 3 ప్రమాణం దాన్ని నిమిషం లోపుకు దించింది. అదెలాగన్నదే ఇందులో నాకు అన్నిటికన్నా ముచ్చటేసే భాగం.

ఫారం కాగితంలో ఎక్కువ భాగం తెలుపే. కాబట్టి చుక్క చుక్కనూ చెప్పకుండా ‘తెలుపు ఇన్ని, నలుపు ఇన్ని, మళ్లీ తెలుపు ఇన్ని’ అని వరసల పొడవులే చెబితే చాలు. ఆ పొడవుల్లో తరచూ వచ్చేవాటికి పొట్టి సంకేతాలు, అరుదుగా వచ్చేవాటికి పొడుగువి ఇస్తే ఇంకా కలిసొస్తుంది. ఇది డేవిడ్ హఫ్‌మన్ ఆలోచన. ఎంఐటీలో చదువుకుంటూ, క్లాసులో ఇచ్చిన పని కోసం కనిపెట్టి 1952లో ప్రచురించాడు. ఫ్యాక్స్ కోసం సంకేతాల పట్టిక వేసినవాళ్లు ఉత్తరం, బిల్లు, సర్క్యూటు బొమ్మ, చిక్కగా అచ్చయిన పేజీ లాంటి ఎనిమిది నమూనా కాగితాలు ముందేసుకుని ఏ పొడవు ఎన్నిసార్లు వస్తుందో చూశారు. అక్షరాల గీతల మందం రెండు మూడు చుక్కలే కాబట్టి రెండు నల్ల చుక్కలకు 11, మూడింటికి 10 అని రెండేసి బిట్లు దక్కాయి. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తెల్లగా ఉన్న గీతకు 1728 బిట్లు ఖర్చు కావాల్సిన చోట 17తో సరి.

ఈ లెక్క తెలిస్తే ఫారం నింపేవాళ్లకు కొన్ని సంగతులు వాటంతటవే అర్థమవుతాయి. తెల్లకాగితం మీద నల్ల సిరా అయితే చకచకా వెళ్తుంది. జతచేసిన డ్రైవింగ్ లైసెన్సు జిరాక్సు మసకమసకగా, బూడిదరంగు నేపథ్యంతో ఉంటే ఆ మసకను యంత్రం వేలాది విడి చుక్కలుగా మారుస్తుంది. వరసలన్నీ ముక్కలైపోతాయి, సంకేతాలు అసలు చుక్కలకన్నా పొడుగైనా కావచ్చు. పేజీ అయిదు నిమిషాలైనా కదలదు. అవతల తేలేది నల్లమచ్చ.

సంతకం సంగతి ఇంకా సున్నితం. బాల్‌పెన్ను గీత మందం అర మిల్లీమీటరు అనుకుందాం. అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరుకు ఎనిమిది చుక్కలు కాబట్టి ఆ మందం నాలుగు చుక్కల్లో పడుతుంది. నిలువుగా రెండు గీతలే. ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తున్న సంతకం మొత్తం అరవై గీతల్లో అయిపోతుంది. వంపులు మెట్లుమెట్లుగా తయారవుతాయి. ఫైన్ అనే మీట నొక్కితే గీతలు రెట్టింపై 115 దాకా వస్తాయి, సంతకం సంతకంలా కనిపిస్తుంది. ఈ ఫారం ఓటరు నమోదు పత్రం కూడా కాబట్టి, దాని మీది సంతకాన్నే రేపు బ్యాలెట్ కవరు మీది సంతకంతో పోల్చి చూసే అవకాశం ఉంది. ఆ ఒక్క మీట నొక్కకపోతే మీ సంతకమే మీది కాదనిపించవచ్చు.

పేజీ పూర్తయ్యాక యంత్రం ‘ఓకే’ అని ఒక చీటీ ముద్రించి ఇస్తుంది. దాన్ని చూసి జనం గుండెల మీద చెయ్యేసుకుంటారు. నిజానికి ఆ ఓకేకు అర్థం ఒకటే: అవతలి యంత్రం ‘పేజీ అందింది, నాణ్యత ఫరవాలేదు’ అన్నది. యంత్రానికి అందిందే తప్ప క్లర్కు చేతికి అందిందని కాదు. కాగితం తిరగేసి పెట్టారనుకోండి. వెనకవైపు తెల్లటి పేజీ నిక్షేపంగా స్కానవుతుంది, గీతకు 17 బిట్ల చొప్పున కొన్ని సెకన్లలో దూసుకుపోతుంది, ఓకే చీటీ వస్తుంది. ఎన్నికల కార్యాలయంలో ఒక తెల్లకాగితం బయటికొస్తుంది. పేజీ మరీ తొందరగా పూర్తయితే అనుమానించండి. పై అంచున పడే తేదీ, సమయం కూడా పంపిన యంత్రం గడియారంలోవే. ఆ గడియారాన్ని ఎవరూ సరిచేయకపోతే గడువులో పంపిన దరఖాస్తు మీద కూడా తప్పు తేదీ పడుతుంది.

మరో చిక్కు కొత్తగా వచ్చింది. ఇవాళ ఆఫీసు ఫోన్లు చాలావరకు ఇంటర్నెట్ మీద నడుస్తున్నాయి. మాటను సెకనుకు 8,000 బిట్లలోకి కుదించే జీ.729 లాంటి పద్ధతులు మనిషి గొంతు ఎలా పనిచేస్తుందో లెక్కగట్టి, ఆ లెక్కల వివరాలే పంపి, అవతల గొంతును మళ్లీ తయారుచేస్తాయి. ఫ్యాక్స్ కూత గొంతు కాదు. ఆ అచ్చులో పోస్తే బిట్లు బిట్లుగా మిగలవు. దీనికి మందుగా 1998లో టీ.38 ప్రమాణం వచ్చింది. కూతను కూతగా మోయకుండా, మధ్యలోనే బిట్లుగా విప్పి, నెట్ మీద పంపి, చివర్న మళ్లీ కూతగా మార్చడం దాని పద్ధతి. దారిలో ఉన్న ప్రతి పెట్టె దానికి ఒప్పుకుంటేనే సవ్యంగా నడుస్తుంది. ఉపగ్రహ ఫోన్ల మీద ఇంకో కష్టం. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అడిగిన మాటకు జవాబు రావడానికి అర సెకను దాటుతుంది. అవతలి జవాబు కోసం ఇంతసేపే ఆగాలని యంత్రాలకు లెక్క ఉంటుంది, ఆలస్యాలు పోగైతే విసిగి లైను కట్ చేస్తాయి. సముద్రం మధ్య నౌకలో ఉన్నవాళ్లకు ఈమెయిలే సుఖం. ఫెడరల్ వోటింగ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ వాళ్లు తర్వాతి కాలంలో ఓటరు ఈమెయిల్లో పంపినదాన్ని ఫ్యాక్సుగా మార్చి కార్యాలయానికి చేరవేసే పని కూడా చేపట్టారు.

ఫ్యాక్స్ మనం అనుకునేదానికన్నా ముసలిది. స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1843లో దాని తొలి పేటెంటు పుచ్చుకున్నాడు, టెలిఫోనుకన్నా ముప్ఫై ఏళ్లకు పైగా ముందు. 1865లో జొవానీ కాసెల్లీ యంత్రం పారిస్, లియాన్ నగరాల మధ్య చేతిరాతను పంపేది. 1966లో జిరాక్స్ అమ్మిన యంత్రానికి ఒక పేజీ పంపడానికి ఆరు నిమిషాలు పట్టేది.

ఇంత పాత యంత్రాన్ని కార్యాలయాలు వదలకపోవడానికి సోమరితనమొక్కటే కారణం కాదు. అమెరికాలో చాలాచోట్ల ఎన్నికలు నడిపేది కౌంటీలు. విస్కాన్సిన్ లాంటి రాష్ట్రాల్లో ఊరూరికీ ఒక క్లర్కు. చట్టాలు రాసినప్పుడు ఆ చిన్న ఆఫీసులన్నింటిలో ఉన్న పరికరం ఫ్యాక్సే. సంతకంతో ఉన్న కాగితం బొమ్మ కావాలన్నప్పుడు అది ఆ పని చేసింది. చట్టంలో ఆ మాట అలాగే ఉండిపోయింది. కొన్ని చోట్ల అనుమానం తీరక అసలు కాగితం కూడా అడుగుతారు. టెక్సాస్‌లో మామూలు ఓటరు పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తును ఫ్యాక్స్‌లోనో ఈమెయిల్లోనో పంపితే, దాని అసలు ప్రతి నాలుగు పనిదినాల్లో తపాలాలో చేరాలి. బ్రిటన్‌లో ఆరోగ్య సేవల విభాగం 2019 జనవరి నుంచి కొత్త ఫ్యాక్స్ యంత్రాలు కొనడమే నిషేధించింది. అమెరికా ఎన్నికల కార్యాలయాలు అంత తొందరపడలేదు.

భద్రత మాటేమిటి? ఫ్యాక్స్ ఎవరికీ దొరకదని ఒక నమ్మకం ఉంది. అది నమ్మకమే. లైనులో పోయే బిట్లకు ఏ తాళమూ లేదు, తీగ దగ్గర కూర్చుని వినగలిగినవాడికి పేజీ మొత్తం దొరుకుతుంది. 2018లో చెక్ పాయింట్ అనే సంస్థ పరిశోధకులు ఇంకో ముచ్చట చూపించారు. ప్రింటరు, స్కానరు, ఫ్యాక్స్ అన్నీ ఒకటిగా ఉన్న హెచ్‌పీ యంత్రానికి, దాని ఫ్యాక్స్ నంబరు తప్ప మరేమీ తెలియకుండా, కపటంగా తయారుచేసిన ఒక ఫ్యాక్స్ పంపి దాన్ని వశం చేసుకున్నారు. అక్కణ్నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి దారి దొరికింది. కంపెనీ ఆ లోపాన్ని సరిదిద్దింది. పాత యంత్రాల మీద పాతకాలపు నమ్మకం పెట్టుకోకూడదన్నది మాత్రం తేలిపోయింది.

అయినా దరఖాస్తుకు ఫ్యాక్స్ సరిపోతుందనే అంటాను. దరఖాస్తు స్వభావం చూడండి. అందులో ఓటరు తానెవరో చెప్పుకోవాలి. పేరు బయటపడటమే దాని ప్రయోజనం. కార్యాలయం తన దగ్గరున్న రికార్డుతో పోల్చి చూస్తుంది, అనుమానం వస్తే ఫోన్ చేస్తుంది. దారిలో పోతే మళ్లీ పంపవచ్చు. ఎవడో మీ పేరుతో దొంగ దరఖాస్తు పెట్టినా బ్యాలెట్ రాలేదని మీరు అడిగినప్పుడు బండారం బయటపడుతుంది. తప్పు జరిగితే కనిపిస్తుంది, కనిపిస్తే సరిదిద్దుకోవచ్చు. సోషల్ సెక్యూరిటీ నంబరు పరాయివాడి కళ్లబడే ప్రమాదం ఒక్కటే అసలు బెంగ. దుకాణాల్లోని ఫ్యాక్స్ వాడకుండా, కాగితం యంత్రం మీద వదిలి రాకుండా చూసుకుంటే అది తగ్గుతుంది.

ఓటు వేసిన బ్యాలెట్ స్వభావం దీనికి పూర్తిగా ఎదురు. అది ఎవరిదో తెలియకూడదు. తపాలా పద్ధతిలో అందుకే రెండు కవర్లు. బయటి కవరు మీద పేరు, సంతకం. లోపలి కవరులో పేరు లేని బ్యాలెట్. సంతకం సరిచూశాక రెండింటినీ విడదీస్తారు, ఆ తర్వాత ఏ బ్యాలెట్ ఎవరిదో దేవుడికే ఎరుక. ఫ్యాక్స్‌లో కవరు ఉండదు. సంతకం ఉన్న పేజీ వెనకే ఓటు ఉన్న పేజీ, ఒకే కాల్‌లో, ఒకే ట్రేలోకి వచ్చి పడతాయి. కాలిఫోర్నియా విదేశాల్లోని ఓటర్లకు బ్యాలెట్‌ను ఫ్యాక్స్ చేసే వీలు ఇచ్చింది. కాకపోతే రహస్య ఓటు హక్కును స్వచ్ఛందంగా వదులుకుంటున్నానని ప్రమాణం రాసివ్వాలి. ఆ వాక్యం నిజాయితీగానే ఉంది, కానీ దాని మీద సంతకం చేసేది యుద్ధభూమిలో తన అధికారుల మధ్య ఉన్న సైనికుడు కావచ్చన్నది మరిచిపోకూడదు. రహస్య ఓటు అవసరం అతనికే అందరికన్నా ఎక్కువ.

ఫ్యాక్స్ బదులు ఇంటర్నెట్ అంటే అదీ చూశారు. 2010లో వాషింగ్టన్ డీసీ ఎన్నికల అధికారులు విదేశాల్లోని ఓటర్ల కోసం వెబ్‌సైటు తయారుచేసి, దమ్ముంటే ఛేదించండని జనానికే ఎన్నికకు ముందు సవాలు విసిరారు. మిషిగన్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్ బృందం 48 గంటల్లో దాన్ని స్వాధీనం చేసుకుంది. పంపిన ఫైలు పేరును సర్వరు ఆజ్ఞగా పొరబడే చిన్న లోపం చాలింది. పడిన ఓట్లన్నీ మార్చేశారు, ఎవరు ఎవరికి వేశారో చూశారు. ఓటు వేసినవాళ్లకు కనిపించే ధన్యవాదాల పేజీలో తమ విశ్వవిద్యాలయం పాట మోగేలా పెట్టి వచ్చారు. అధికారులకు తెలిసింది కూడా ఆ పాట వల్లే. దాంతో నింపిన బ్యాలెట్‌ను సైటులో తిరిగి పంపే ఏర్పాటు రద్దయింది, ఖాళీ బ్యాలెట్ దించుకునే వీలు మాత్రం మిగిలింది. పదేళ్ల తర్వాత, 2020లో, అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థలు, ఎన్నికల సంస్థ కలిసి రాష్ట్రాలకు ఇచ్చిన హెచ్చరిక సారాంశం కూడా అదే: బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్‌గా ఓటరుకు పంపడంలో ముప్పు తక్కువ, ఓటరు నుంచి తిరిగి తెప్పించుకోవడంలో ముప్పు ఎక్కువ.

మన ఎన్నికల సంఘం కూడా సరిగ్గా ఇక్కడే గీత గీసింది. 2016లో నిబంధనలు సవరించి, సైనిక దళాల్లోని సర్వీస్ ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్‌గా పంపడం మొదలుపెట్టింది. అదే ఏడాది పుదుచ్చేరిలోని నెల్లితోప్పు ఉప ఎన్నికలో దాన్ని వాడి చూశారు. 2019 లోక్‌సభ ఎన్నికల నాటికి సర్వీస్ ఓటర్లు 18 లక్షలు దాటారు. పశ్చిమ గోదావరిలో ఇంటికో సైనికుడని పేరున్న మిలటరీ మాధవరం నుంచి వెళ్లి సరిహద్దులో కాపలా కాసే జవాను ఇప్పుడు తన యూనిట్లోనే బ్యాలెట్ దించుకుని, ముద్రించుకుని, గుర్తు పెడతాడు. తర్వాత మాత్రం కవరే. బ్యాలెట్ లోపలి కవరులో, దాంతోపాటు ధ్రువీకరణ పత్రం బయటి కవరులో పెట్టి, తపాలా ఖర్చు లేకుండా పోస్టు చేస్తాడు. కవర్ల మీది క్యూఆర్ కోడ్‌లు లెక్కింపు కేంద్రంలో స్కాన్ చేసి అసలుదో కాదో తేల్చాకే లోపలి కవరు తెరుస్తారు. ఖాళీ కాగితం తీగ మీద వస్తుంది, నిండిన కాగితం తపాలాలో పోతుంది. లెక్కింపు మొదలయ్యే ఉదయం 8 గంటలకు చేరకపోతే చెల్లదు.

ఈ సౌకర్యం విదేశాల్లోని మన పౌరులకు లేదు. భారత పాస్‌పోర్టుతో డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగువాళ్లు ఫారం 6ఏతో ఓటరుగా నమోదు కావచ్చు, కానీ ఓటు వేయాలంటే సొంతూరి బూతుకే రావాలి. 2024 మే 13న తెలుగు రాష్ట్రాల్లో జరిగిన పోలింగు కోసం విమానాలెక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. టిక్కెట్టు డబ్బులు లేని గల్ఫ్ కూలీకి ఆ ఓటు కాగితం మీదే. వాళ్లకూ ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇద్దామని ఎన్నికల సంఘం 2020లోనే కేంద్రానికి ప్రతిపాదించింది. దాన్ని అటకెక్కించడానికి సాంకేతిక కారణమేదీ నాకు కనిపించదు. సైనికుడి విషయంలో పనిచేసిన పద్ధతే అది.

చివరిగా, హైదరాబాదులోనో మరెక్కడో ఉండి అమెరికా పాస్‌పోర్టు ఉన్న పాఠకులకు ఒక మాట. ఫెడరల్ పోస్ట్ కార్డ్ అప్లికేషన్ ఏటా జనవరిలోనే నింపండి, అక్టోబరుదాకా ఆగకండి. మీ రాష్ట్రం దాన్ని ఫ్యాక్స్‌లో తీసుకుంటుందో, ఈమెయిల్లోనో, అసలు కాగితం కూడా అడుగుతుందో ముందే చూసుకోండి. ఫ్యాక్స్ చేస్తే ఫైన్ మీట నొక్కి, నల్ల సిరాతో, కాగితం సరైన వైపు పెట్టి పంపండి. ఓకే చీటీని నమ్మి ఊరుకోకుండా రెండు మూడు రోజులాగి ఆ కార్యాలయాన్ని అడిగి అందిందో లేదో తేల్చుకోండి. ఖాళీ బ్యాలెట్ ఈమెయిల్లో తెప్పించుకోండి. ఓటు వేశాక మాత్రం కవరులో పెట్టి పోస్టుకు ఇవ్వండి, లేదా అమెరికా కాన్సులేట్‌లో ఇస్తే వాళ్ల సంచిలో వెళ్తుంది. వేరే దారి బొత్తిగా లేనప్పుడే దాన్ని ఫ్యాక్స్ చేయండి.